పద్నాలుగో నిబంధన, మొదటి రంధ్రం

పద్నాలుగో నిబంధన రాసింది నేనే. ఇంకెవరి నెత్తినా రుద్దను. పాతికేళ్ల పైమాట. బాల్‌కెర్రీ గని కార్మికుల హాల్లో బల్ల గుద్ది, అందరి చేతా చేతులెత్తించి మరీ నెగ్గించాను.

నిబంధన చిన్నదే. మా బ్యాగ్‌పైపుల బ్యాండుకి కిల్టులు, అంటే మగవాళ్లు మోకాళ్లదాకా చుట్టుకునే గళ్ల పావడాలు, పదకొండు. కిల్టు పట్టీకి రంధ్రాలు మూడు. మొదటిది బిగువు, రెండోది వదులు, మూడోది సిగ్గు. మొదటి రంధ్రంలో పడినన్నాళ్లే కిల్టు ఆ మనిషిది. పడని రోజున దిగిపోవాలి. పట్టే నడుమున్న మనిషికి ఎక్కాలి.

ఎందుకు రాశానంటారా? ఆ రోజుల్లో గాలా అనే మా ఊరి పండగ ఊరేగింపుకి ముందు నడిచేవాడు పెద్ద బెవరిడ్జ్. హై స్ట్రీట్ మూల మీద జెండా కంటే ముందు ఆయన పొట్ట తిరిగేది. జనం దానికే చప్పట్లు కొట్టేవాళ్లు. నేనప్పుడు కుర్రాణ్ణి, ఈటెలా ఉండేవాణ్ణి. నిబంధన నెగ్గింది, బెవరిడ్జ్ దిగాడు, ఎక్కీ రిన్‌టూల్ అనే నేను ఎక్కాను. ఇరవై ఏడేళ్లుగా జూన్ నెల మూడో శనివారం మా గని జెండా కర్ర పట్టుకుని ఊరికి ముందు నడుస్తున్నాను. గని మూతపడి పన్నెండేళ్లయింది. ఊరేగింపు మాత్రం మూతపడలేదు.

నా ఒంటి మీదది మా నాన్న కిల్టు. ఎడిన్‌బరో కొట్లలో మీ ఇంటిపేరేమిటి, మీ వంశం గళ్లు ఇవిగో అంటూ అంటగడతారు చూడండి, ఆ బాపతు కాదు. మా గళ్లకి వంశం లేదు. గనిలో దిగే నాలుగొందల మంది తలా ఇంత వేసుకుని నేయించిన గుడ్డ. ఏ రంగన్న దాని మీద పదకొండు వారాలు మీటింగులు జరిగాయట. బొగ్గు మసి కనపడదని నలుపు, ముదురాకుపచ్చ ఖాయం చేశారు. సన్నటి ఎర్ర గీత మాత్రం మా నాన్న పట్టుబట్టి వేయించాడు. "ఇదొక్కటీ గని దొరగారికి కనపడాలి" అన్నాడట.

ఊరేగింపుకి ముందు గురువారం పరీక్ష. పదకొండు మందీ హాల్లో మోకాళ్ల మీద కూర్చోవాలి. అంచు నేలని తాకీ తాకకుండా ఉండాలి. తర్వాత ఒక్కొక్కడూ పట్టీ చూపించి అరవాలి, "మొదటి రంధ్రం!" అని. నా అరుపు పక్క ఊరికి వినపడేది.

"పెళ్లినాడు ఏ రంధ్రమో ఇవాళా అదే రంధ్రం. ఒళ్లంటే క్రమశిక్షణ" అని ప్రతి ఏడూ ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. నెట్టా వెనక బెంచీ మీద కూర్చుని స్వెట్టర్ అల్లుకుంటూ వినేది. తలెత్తేది కాదు.

నెట్టా నా భార్య, అసలు పేరు జానెట్. కిల్టులు కుడుతుంది. డన్‌ఫెర్మ్‌లిన్‌లో ఒక కొట్టు గుడ్డ పంపిస్తుంది, ఈవిడ కిటికీ దగ్గర కూర్చుని చేత్తో కుడుతుంది. ఎనిమిది గజాల గుడ్డ, ఇరవై ఏడు కుచ్చిళ్లు, ముప్పై గంటలు. అది చాలదన్నట్టు గాలా అయ్యాక బ్యాండు కిల్టుల పని కూడా ఆడవాళ్లదే. బ్రష్ కొట్టడం, కుచ్చిళ్లకి టాకాలు వెయ్యడం, తడిబట్ట వేసి ఇస్త్రీ చెయ్యడం, చిమ్మటలు పట్టకుండా దేవదారు చెక్కలు పెట్టి పెట్టెలో దాచడం.

ఏప్రిల్ మీటింగులో నెట్టా లేచి తీర్మానం పెట్టింది. కిల్టుల పని చేసే ఆడవాళ్లకి కమిటీలో రెండు కుర్చీలు కావాలని.

నేను లేచాను. లేస్తే నలభై నిమిషాలు. "మిత్రులారా! పని అంటే చెమట! పని అంటే ప్రమాదం! గుడ్డని దులిపి పెట్టెలో పెట్టడం పని కాదు, అది ఇంటి అలవాటు. పొద్దున్నే లేచి పళ్లు తోముకుంటాం. దానికి కుర్చీ అడుగుతామా?"

చప్పట్లు మోగాయి. బ్యాండులో నా వెనకే నడిచే ఆర్చీ విషార్ట్ లేచి సవరణ పెట్టాడు. ఆర్చీ సవరణ లేకుండా తన పెళ్లికి కూడా ఒప్పుకోలేదు. "రెండు కుర్చీలకి బదులు ఒక బల్ల ఇద్దాం. టీ కెటిల్ పెట్టుకోవడానికి." అది కూడా నెగ్గింది.

ఇంటికి రాగానే నెట్టా సూదీ దారం తీసుకుని కిటికీ దగ్గర కూర్చుంది. నెట్టా తిడితే నాకు భయం లేదు. తిట్టకుండా సూదిలోకి దారం ఎక్కిస్తుంటే మాత్రం చూడలేను. తెల్లారేసరికి వంటింటి తలుపుకి కాగితం అంటించి ఉంది.

"ఈ రోజు నుంచి కిల్టుకి చేసిన శ్రమంతా వెనక్కి తీసుకుంటున్నాను. ఇట్లు, జానెట్ రిన్‌టూల్."

జీవితంలో నేను రాసినన్ని నోటీసులు మా ఊళ్లో ఎవడూ రాయలేదు. చదవగానే నవ్వొచ్చింది.

"నెట్టా, ఇది తప్పు. ‘శ్రమ నిలిపివేస్తున్నాం’ అనాలి. చెయ్యబోయే పని ఆపుతారు కానీ చేసేసిన పని ఎవరైనా వెనక్కి తీసుకుంటారా?"

"తెలుసు. తెలిసే రాశాను."

"తేదీ కూడా వెయ్యలేదు."

"నువ్వు కట్టుకున్న రోజే తేదీ."

"సరే అమ్మాయ్, సమ్మె నీ హక్కు. హక్కుల విషయంలో నేను అడ్డు రాను. గుడ్డముక్క తగిలించుకోవడానికి నాకు ఒక మేకు చాలు."

"మేకు నేనే కొట్టిపెట్టాను. అదిగో" అంది.

అంత చేరువలో ఉన్న మేకుని చూసి అయినా నాకు అనుమానం రావాల్సింది.

గాలా వారం వచ్చింది. సోమవారం పొద్దున పడగ్గదిలో కిల్టు తీసి చుట్టుకున్నాను. లోపలి చెంగు పట్టీ ఎడమ నడుము దగ్గరున్న చీలికలోంచి బయటికి రావాలి. వచ్చింది. కానీ బకిల్ దగ్గరికి రాలేదు. పట్టీ కొస ఇక్కడ, బకిల్ అక్కడ. మధ్యలో బెత్తెడు నడుము, అది నాదే.

ఊపిరి బిగబట్టి లాగాను. మంచం కోడుకి కాలు తన్ని లాగాను. గోడకి ఆనుకుని లాగాను.

"ఏమయ్యా, ఆ రొప్పేమిటి?" వంటింట్లోంచి నెట్టా.

"ఉపన్యాసం సాధన చేస్తున్నాను."

"ఎవరి మీద?"

"పెట్టుబడి మీద!"

"గెలుస్తున్నట్టు లేదే" అంది.

కోటు కప్పుకుని వంటింట్లోకి వచ్చాను. కూర్చోబుద్ధి కాలేదు. బల్ల చుట్టూ తిరుగుతూ అడిగాను, "ఈ ఏడు చెమ్మ బాగా ఎక్కువ కదూ? ఉన్ని చెమ్మకి ముడుచుకుంటుంది."

"నిలువు ముడుచుకుందా?"

"లేదు. మోకాలికి సరిగ్గానే ఉంది."

"ముప్పై ఏళ్లుగా కుడుతున్నాను. నిలువు వదిలేసి అడ్డం ఒక్కటే ముడుచుకునే ఉన్ని ఇంతవరకు నా చేతిలోకి రాలేదు. కూర్చో, డంప్లింగు తిను."

ఎండు ద్రాక్షలు దట్టించి, గుడ్డలో మూటగట్టి ఉడికించిన డంప్లింగు అది. ఏడాదికోసారి నా పుట్టినరోజుకి తప్ప చెయ్యదు. నా పుట్టినరోజు నవంబరులో. ఆ సంగతి మూడో ముక్క దగ్గర గుర్తొచ్చింది.

ఆ రాత్రి నాకు నిద్ర ఎలా పట్టి ఉంటుందో చెప్పక్కర్లేదు. గురువారం పరీక్ష. పట్టీ పడకపోతే మా నాన్న కిల్టు నా ఒంటి మీంచి దిగుతుంది. ఎవరికి ఎక్కుతుంది? వెనక వరసలో ఇరవై ఏడేళ్లుగా నా వీపు చూస్తూ నడుస్తున్న సవరణల ఆర్చీకి. మా నాన్న కిల్టు వాడి నడుం మీద, జెండా కర్ర వాడి చేతిలో! నేను రాసిన నిబంధన నాకే చదివి వినిపిస్తాడు. పైగా సవరణతో.

మంగళవారం నెట్టా కుట్టిన కిల్టులు అప్పజెప్పడానికి బస్సెక్కి డన్‌ఫెర్మ్‌లిన్ వెళ్లింది. ముడుచుకున్న గుడ్డని సాగదియ్యాలి. సిద్ధాంతం సులువు. స్నానాల తొట్టిలో గోరువెచ్చని నీళ్లు నింపి కిల్టు నానబెట్టాను. మా ఊరి గొర్రెలన్నీ ఒక్కసారి ఇంట్లోకి వచ్చినంత వాసన కొట్టింది. పెరట్లోకి తీసుకెళ్లి, ఒక కొస పట్టీని బట్టలారేసే స్తంభానికి, రెండో కొసని బొగ్గు కొట్టం తలుపు పిడికి కట్టాను. తలుపు మూస్తే గుడ్డ సాగుతుంది. తలుపు మూసి దానికి వీపు ఆనించి కాళ్లు తన్నిపెట్టి నిలబడ్డాను.

పిట్టగోడ అవతల నాన్ బెవరిడ్జ్ ప్రత్యక్షమైంది. పెద్ద బెవరిడ్జ్ కోడలు. దాని మొగుడు డ్రమ్ము బెవరిడ్జ్ మా బ్యాండులో పెద్ద డ్రమ్ము వాయిస్తాడు. తండ్రి పొట్ట వాడికీ వచ్చింది కానీ డ్రమ్ము దాన్ని దాచేస్తుంది.

"ఏం చేస్తున్నావు ఎక్కీ?"

"తలుపు మూస్తున్నాను."

"గంటన్నరనుంచీనా?"

"బిగుసుకుంది."

"ఓహో. మా ఇంట్లో కూడా తలుపులు ఈ వారమే బిగుసుకున్నాయి" అని నవ్వింది. దాని వెనక బట్టలుతికే గదిలోంచి ఆవిరి వస్తోంది. డ్రమ్ము బెవరిడ్జ్ మూలుగు కూడా వినిపించింది. పాట సాధన అనుకున్నాను. పొద్దున్నే ఆర్చీ సముద్రపొడ్డున పరిగెత్తుతూ కనిపించాడు. వాడు పరిగెత్తడం ఊరు ఎరగదు. కుక్క తరుముతోందనుకున్నాను. చూస్తే కుక్క లేదు. అయినా నా బుర్రకి తట్టలేదు. కష్టంలో ఉన్న మనిషికి లోకంలో తనొక్కడే కష్టంలో ఉన్నట్టుంటుంది.

తలుపు పిడి ఊడింది. నేను వెల్లకిలా పడ్డాను. కిల్టు గాల్లో ఒక చుట్టు చుట్టి ఉల్లికాడల మడిలో వాలింది. తీసి దులిపాను. నడుం దగ్గర వెంట్రుకవాసి కూడా సాగలేదు. కింద మాత్రం కుచ్చిళ్లన్నీ విడిపోయి, గాలివానకి తిరగబడ్డ గొడుగులా అయింది.

బుధవారం తలుపేసుకుని ఇస్త్రీకి దిగాను. పైన నెట్టా కుట్టిన చోట కుచ్చిళ్లు ఇరవై ఏడు. కింద నేను వేస్తే మొదటిసారి పందొమ్మిది వచ్చాయి. రెండోసారి ముప్పై నాలుగు. గుడ్డ అదే, ఇస్త్రీపెట్టె అదే, మనిషి అదే.

"ఏం కాలుతోంది?" బయట్నుంచి నెట్టా.

"ఏం లేదు! రొట్టె!"

"పడగ్గదిలోనా?"

"మార్పు కోసం!"

"అయితే నాకూ ఒక ముక్క ఉంచు" అంటూ వెళ్లిపోయింది. తలుపు తియ్యమని కూడా అనలేదు. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో నెట్టా తలుపు తియ్యమనని సందర్భం అదొక్కటే.

గురువారం మధ్యాహ్నానికి నా పథకం ఇలా తేలింది. పట్టీకి, బకిల్‌కి మధ్య బూటు లేసు. దాని మీద తోలు బెల్టు. బెల్టు మీద మోకాళ్లదాకా స్వెట్టరు. స్వెట్టరు మీద వానకోటు. ఏడాదికి ఒక్కరోజు వచ్చే ఎండ ఆ రోజే వచ్చింది.

హాల్లోకి అడుగుపెట్టి ఆగిపోయాను. పది వానకోట్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఆర్చీ మెడదాకా బొత్తాలు పెట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. డ్రమ్ము బెవరిడ్జ్ ఇంటినుంచే డ్రమ్ము తగిలించుకుని వచ్చినట్టున్నాడు, కోటు మీంచి పట్టీలు వేలాడుతున్నాయి. ఎవడూ ఎవణ్ణీ చూడ్డంలేదు.

"ఏరా ఆర్చీ, కోటేమిటి?"

"జలుబు. నీకో?"

"నాకూ జలుబే."

"నాక్కూడా" అన్నాడు డ్రమ్ము, ఎవరూ అడక్కుండానే.

బ్యాండు పెద్ద గిల్‌ఫిలన్ తాతకి ఎనభై దాటాయి. పరీక్ష ఆయనదే. చేతిలో కొలబద్ద. "కోట్లు తియ్యండర్రా!" అన్నాడు. పదకొండు మంది ఒకేసారి దగ్గారు.

అప్పుడే ఆడవాళ్లు లోపలికి వచ్చారు. ముందు నెట్టా, వెనక ఆర్చీ భార్య ఆగ్నెస్, నాన్, మిగతావాళ్లు. మేమిచ్చిన బల్ల మీద కెటిల్ పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"తాతా, ఆలస్యమెందుకు? కోట్లతోనే మోకాళ్ల మీద కూర్చోమను" అంది నెట్టా.

న్యాయంగానే ఉంది కదా అని కూర్చున్నాను. కూర్చోగానే నా బూటు లేసు టప్పుమంది. పక్కన ఆర్చీ దగ్గర ఇంకేదో టప్పుమంది. డ్రమ్ము దగ్గర గొలుసు తెగిన చప్పుడు, అది వాళ్ల కుక్కదని తర్వాత తెలిసింది. వరసంతా టపాకాయల్లా పేలుకుంటూ పోయింది. కోట్ల కిందనుంచి పదకొండు కిల్టులు జారి నేల మీద పడ్డాయి. మేం లేవలేం. కూర్చోలేం. ప్రార్థనకి వచ్చినట్టు అలాగే ఉండిపోయాం.

"కుట్ర!" అని అరిచాడు ఆర్చీ. "ఇది కుట్ర!"

"కాదు ఆర్చీ, కుట్టు" అంది నెట్టా.

నా మోకాళ్ల దగ్గరున్న కిల్టు తీసుకుంది. దాని వాలకం చూసి ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. తర్వాత నడుం పట్టీ తిరగేసి నా ముఖానికి ఆనించింది.

"చూడు. బకిల్ పక్కన సూది గుర్తులు వరసగా ఉన్నాయి. లెక్కపెట్టుకో. ప్రతి గాలా తర్వాత టాకాలు వేసేటప్పుడు బార్లీ గింజంత జరిపాను. నువ్వు బార్లీ గింజంత పెరిగావు. నీ క్రమశిక్షణ ఇదిగో, ఈ దారం. ఏప్రిల్లో అదంతా విప్పేశాను. బకిల్ పెళ్లినాటి చోటికి పోయింది. నువ్వు పోలేదు."

అప్పుడు తేలింది. పదకొండు ఇళ్లలో పదకొండు నోటీసులు. పదకొండు మందిలో ఒక్కడూ పక్కవాడికి చెప్పుకోలేదు. ఇదీ మా ఐకమత్యం.

"ఇదిగో, ఈ ఒక్క వరసా వెనక్కి ఉంది చూడు" అంది నెట్టా, గొంతు కొంచెం తగ్గించి. "అది గనుల పెద్ద సమ్మె ఏడాది. ఊరంతా ఇదే హాల్లో సూపు తాగి బతికాం. నువ్వు చిక్కిపోయావు. కిల్టు వదులైతే నీకు తెలిసిపోతుందని లోపలికి జరిపాను. ఆ ఏడు కూడా మొదటి రంధ్రమని అరిచావు. గుర్తుందా?"

గుర్తుంది. ఆ ఏడే అందరికంటే గట్టిగా అరిచాను.

గిల్‌ఫిలన్ తాత గొంతు సవరించుకున్నాడు. "మరి పద్నాలుగో నిబంధన ప్రకారం..."

"పట్టే నడుమున్న మనిషికి ఎక్కాలి" అంది ఆగ్నెస్. ఆవిడ సన్నదనంలో సూదికి అక్క. "మనిషి అని ఉంది, మగవాడని లేదు. నాకు వీటిలో అయిదు మొదటి రంధ్రంలోనే పడ్డాయి. ఎక్కీ, నీది కూడా."

నా కళ్ల ముందు మా నాన్న ఎర్ర గీత ఆగ్నెస్ నడుం మీద హై స్ట్రీట్ మూల తిరిగింది. పెద్ద బెవరిడ్జ్ ఎక్కడున్నాడో గానీ తృప్తిగా చూస్తుంటాడనిపించింది.

"మీ డిమాండ్లేమిటి?" అన్నాను. జీవితమంతా యాజమాన్యం నోట విన్న మాట అది. నా నోట్లో బొగ్గులా ఉంది.

నెట్టా వేళ్లు మడిచింది. "కమిటీలో రెండు కుర్చీలు. పద్నాలుగో నిబంధన రద్దు. ఎవడి బకిల్ వాడే ఇక్కడే, ఇప్పుడే కుట్టుకోవాలి. నాలుగోది, ఇది పని అని నువ్వు నీ నోటితో నలుగురిలో చెప్పాలి."

"ఒక చిన్న సవరణ..." అన్నాడు ఆర్చీ.

"ఆర్చీ" అంది ఆగ్నెస్. అంతే. సవరణ అక్కడే పోయింది.

మొదటి మూడూ ఒప్పుకున్నాను. నాలుగోది గొంతు దాటలేదు. నలభై నిమిషాలు ఉపన్యసించినవాణ్ణి, అదే హాల్లో, అదే నోటితో ఎలా చెప్పను? "అదొక్కటీ అడక్కు నెట్టా."

"సరే. అది వాయిదా" అంది తేలిగ్గా. నేను గెలిచాననుకున్నాను.

హాలు కర్టెన్లు నడుముకి చుట్టుకుని పదకొండు మందిమి బెంచీల మీద కూర్చుని కుట్టడం మొదలెట్టాం. గంటలో తొమ్మిది వేళ్లకి సూది గుచ్చుకుంది. పదో వేలికి గుచ్చుకోలేదంటే అది నోట్లో ఉండబట్టి. నెట్టా వచ్చి నా కుట్టు చూసేది, గోటితో లాగేది, బకిల్ ఊడి చేతిలోకొచ్చేది. "మళ్లీ" అనేది. అలా మూడుసార్లు.

మూడోసారి కళ్లద్దాలు పెట్టుకుని బకిల్ పెట్టే చోటు వెతుకుతుంటే, నెట్టా వరసలకి అవతల ఇంకొన్ని గుర్తులు కనిపించాయి. పాతవి. గుడ్డలో కలిసిపోయినవి. ఒక చోట దారం తునక మిగిలి ఉంది, నల్లది.

"నెట్టా, ఇవెవరివి? నువ్వు ఆకుపచ్చ దారమే వాడతావు కదా?"

"మీ అమ్మవి."

"మా నాన్నకి ఈ అవసరం లేదే! చచ్చేదాకా మొదటి రంధ్రమే."

నెట్టా నా పక్కన బెంచీ మీద కూర్చుంది. తర్వాత మెల్లిగా అంది, "ఈ కిల్టు నా చేతికిచ్చిన రోజే మీ అమ్మ సూది కూడా ఇచ్చింది. ‘నా మొగుడు మొదటి రంధ్రంలోనే పోయాడు. నీవాణ్ణి కూడా అలాగే పోనీ’ అంది."

నేను తల దించుకుని కుట్టాను. నాలుగోసారి నెట్టా విప్పలేదు. దగ్గరగా చూసి, "నీ అదృష్టం" అంది. శుక్రవారమంతా ఆడవాళ్లు కూర్చుని పదకొండు కిల్టులకీ టాకాలు వేసి, ఇస్త్రీ చేసి, శనివారం పొద్దున టాకాలు విప్పి చేతికిచ్చారు. నా కుచ్చిళ్లు మళ్లీ ఇరవై ఏడు.

గాలా బ్రహ్మాండంగా మొదలైంది. ముందు నేను, చేతిలో జెండా కర్ర. నా పక్కనే కొత్త కమిటీ రిబ్బన్లు పెట్టుకుని నెట్టా, ఆగ్నెస్. వెనక తిత్తుల బ్యాగ్‌పైపులు, డ్రమ్ము. రోడ్డుకి రెండు వైపులా ఊరు. సముద్రం మీంచి గాలి.

మందుల కొట్టు మూల దగ్గర ఎడమ నడుం మీద ఏదో తేలికైంది. దారం ఒక్కో పోగే తెగుతున్నట్టు స్పష్టంగా తెలుస్తోంది. పది అడుగులేసేసరికి కుడివైపున్న రెండో బకిల్ కూడా సెలవు తీసుకుంది. ఒక చేత్తో జెండా, ఒక చేత్తో మా నాన్న. గాలి కుచ్చిళ్లలోకి దూరింది.

"నెట్టా" అన్నాను పెదాలు కదపకుండా. "నెట్టా!"

"ఏమయ్యా?"

ఆవిడ కోటు కాలరుకి సూది గుచ్చి ఉంది. ఆకుపచ్చ దారం ఎక్కించే ఉంది.

"దారం ఎప్పుడు ఎక్కించావు?"

"పొద్దున్నే."

"అయితే కుట్టు!"

"ఇంటి అలవాట్లు వీధిలోనా? ఎవరైనా చూస్తే బాగుండదు."

"ప్రాణం పోతోంది నెట్టా!"

"పోయేది ప్రాణం కాదులే" అంది నెట్టా, కిందికి చూసి.

"సరే. పనే! చాలా?"

"ఏమిటో, పైపుల చప్పుడు. వినపడలేదు."

మొదటి వరసలో స్కూలు పిల్లలు జెండాలు ఊపుతున్నారు. వాళ్ల వెనక మా పాస్టరుగారు. ఇంకో గాలి విసురు వచ్చిందంటే ఊళ్లో నా పేరు మారిపోతుంది. వెనక్కి తిరిగి బ్యాండు వైపు తలతో సైగ చేశాను. గిల్‌ఫిలన్ తాత చెయ్యెత్తాడు. పైపులు ఆగాయి. డ్రమ్ము ఆగింది. ఊరంతా ఆగి నా వంక చూసింది.

"నెట్టా చేసేది పని!" అని అరిచాను. "ఇరవై ఏడేళ్లుగా పనే!"

"ఇరవై ఎనిమిది" అంది నెట్టా. హై స్ట్రీట్ నడిమధ్య నా పక్కన మోకాళ్ల మీద కూర్చుని సూది తీసింది.

నా జన్మలో అంత పొట్టి ఉపన్యాసం ఇచ్చి ఎరగను. నా వెనక ఆర్చీ చెయ్యెత్తి బలపరచబోయాడు. ఎత్తితే ఏమవుతుందో గుర్తొచ్చి, రెండు చేతులూ నడుం మీదే ఉంచుకుని నోటితో బలపరిచాడు. సవరణ లేకుండా.